కూర్చుంటే అయిపోయే పని

బొంత కుట్టడానికి ఎంతకాలం పడుతుందని మన ఇళ్లలో పెద్దవారిని అడిగితే గంటల్లో జవాబు రాదు. "సంక్రాంతి వెళ్లాక మొదలుపెడితే ముసుర్లనాటికి పూర్తవుతుంది" అంటారు. లేదా, "కూర్చుంటే ఎంతసేపమ్మా, అయిపోతుంది" అంటారు. రెండూ నిజమైన జవాబులే. మొదటిది పంచాంగాన్ని బట్టి నిజం. రెండవది, ఆ కూర్చోవడమనేది సమకూడితే నిజం. ఈ రెంటికీ నడుమనున్న దూరాన్ని గడియారంతో కొలవవలసిన అవసరం గత వేసవిలో నాకు కలిగింది. ముప్పయి రెండేళ్లపాటు బాలికల ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పిన దానిని గనుక, ఆ పనికి కొంత ఉత్సాహంతోనే పూనుకున్నాను.

మా వీధి చివర కుట్టుపని చేసుకునే అమ్మాయి ఒకతె ఉన్నది. అమ్మాయి అంటున్నానే గాని, ఆమె కూతురు అప్పటికే డిగ్రీలో చేరబోతున్నది. జాకెట్లు, లంగాలు కుట్టడం, చీరెలకు ఫాల్సు వేయడం ఆమె జీవనోపాధి. పట్నంలోని ఒక బట్టల దుకాణం యజమాని ఆమెకు కొత్త పని ఒకటి చూపించాడు. తన వద్ద మిగిలిపోయిన కట్‌పీసులను పట్టీలుగా కత్తిరించి, ఒకదాని పక్కన ఒకటి జోడించి, బొంతలకు పైపొరలు కుట్టి ఇవ్వాలి. దూది పరచడం, అడుగుపొర వేసి అన్నిటినీ కలిపి కుట్టించడం ఆయన వేరే చోట చేయించుకుంటాడు. మొత్తం ఇరవై పైపొరలు. గడువు పదిహేను రోజులు. ఒక్కొక్కదానికి 120 రూపాయలు. "గంటన్నర పనమ్మా! అమెరికాలో ఆడవాళ్లు గంటలో కుట్టి పారేస్తున్నారు, చూడు" అని సెల్‌ఫోనులో ఒక వీడియో కూడా చూపించాడట.

కూతురి కాలేజీ ఫీజుకు నెలరోజులు గడువున్నది. ఇరవై నూట ఇరవైలు 2,400. ఒప్పుకునేందుకే సిద్ధపడి, ఆ లెక్క ఒకసారి సరిచూడమని ఆమె నా వద్దకు వచ్చింది.

"నీకు ఎంతసేపు పడుతుందమ్మాయ్?" అని అడిగాను.

"ఎంతసేపు టీచరమ్మగారూ! కూర్చుంటే అయిపోతుంది" అన్నది.

ఆ మాట మీద ఇరవై పైపొరలు ఒప్పుకోవడం నాకు క్షేమంగా తోచలేదు. నమూనాకని దుకాణదారు ఇచ్చిన ముక్కలతో ఒకటి కుట్టమనీ, నేను పక్కన గడియారం పెట్టుకుని కూర్చుంటాననీ చెప్పాను.

బట్టను ముట్టుకోకుండా కాగితం మీద చేయదగిన లెక్క ముందు చేశాను. కుట్టుపని తెలిసిన పాఠకులు దీనిని సరిచూసుకోవచ్చును. కావలసిన కొలత 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు. పట్టీని 4 అంగుళాల వెడల్పున కత్తిరిస్తే, రెండు వైపులా పావు అంగుళం చొప్పున కుట్టులోకి పోగా మూడున్నర అంగుళాలు పైకి కనిపిస్తుంది. అటువంటివి 26 కావాలి. అప్పుడు పొడవు 91 అంగుళాలకు కాస్త పైన వస్తుంది. ఆ మిగులు అంచులు సరిచేయడానికి పనికివస్తుంది. ఇరవై ఆరు పట్టీలను కలపడానికి 25 కుట్లు. ఒక్కొక్క కుట్టు 60 అంగుళాలు. మొత్తం 1,500 అంగుళాలు, అంటే 125 అడుగులు.

ఆమెది తల్లి నుంచి వచ్చిన కాలితొక్కుడు మిషను. తొందరపడకుండా తొక్కితే నిమిషానికి సుమారు 30 అంగుళాల కుట్టు పడుతున్నది. మూడుసార్లు కొలిచి చూశాను. ఆ ప్రకారం 1,500 అంగుళాలకు 50 నిమిషాలు చాలును. దుకాణదారు గంటన్నర అన్నాడు గనుక ఆయన ఉదారంగా లెక్కకట్టాడనే అనుకోవాలి. సూది కదిలినంతసేపే పని అనుకునేవారికి ఈ లెక్కలో వంక పెట్టడానికేమీ లేదు.

పాత హాజరుపట్టీ పుస్తకం ఒకటి తీసి అందులో గళ్లు గీశాను. చేసిన పని, మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ. నాలుగవ గడికి "లేచిన వేళ" అని పేరు పెట్టాను. దానిని చూసి ఆమె నవ్వింది.

కొత్త నూలుబట్టను నానబెట్టి ఆరవేయకుండా కుడితే, మొదటి ఉతుకులోనే ఒక పట్టీ ముడుచుకుపోయి పక్కదానిని లాగుతుంది. ఎరుపు పక్కనున్న తెలుపు గులాబీ రంగుకు తిరుగుతుంది. అందుచేత ముందురోజు రాత్రే ముక్కలన్నిటినీ నానబెట్టింది. ఆరడం బట్ట చేసే పని గాని మనిషి చేసే పని కాదు గనుక ఆ కాలాన్ని నేను లెక్కలో వేయలేదు. ఇస్త్రీకి 45 నిమిషాలు పట్టింది. తరువాత ముక్కలను నేలమీద పరచి ఏది దేని పక్కన ఉండాలో చూసుకోవడానికి 40 నిమిషాలు. రెండు ముదురు రంగులు పక్కపక్కన పడకూడదు, పువ్వుల అచ్చు పక్కన మళ్లీ పువ్వులు రాకూడదు. ఆవపసుపు రంగు ముక్క ఒకదానిని ఆమె నాలుగు చోట్ల పెట్టి చూసి, చివరకు మొదటి చోటికే తెచ్చింది. ఈ నలభై నిమిషాలు వృథా అని దుకాణదారు అనవచ్చును. నా ఉద్దేశంలో కొనేవారు అన్ని బొంతలలోనుంచి ఒకదానిని చేతిలోకి తీసుకునేది ఈ నలభై నిమిషాల వల్లనే.

గీతలు గీసి కత్తిరించడానికి 100 నిమిషాలు. బట్ట పన్నా 36 అంగుళాలే. ముక్కలు కూడా గజం, గజంపావుకు మించి లేవు. కనుక 60 అంగుళాల పట్టీ ఒక్క ముక్కలో రాదు. ఒక్కొక్క పట్టీకి రెండు ముక్కల చొప్పున 52 ముక్కలు కోయాలి. కత్తెరతో గాటు పెట్టి సర్రున చింపితే పని త్వరగా తెములుతుంది. అలా చింపిన అంచు పీచులు దేలి పావు అంగుళపు కుట్టులో నిలవదని ఆమె ఒప్పుకోలేదు. ఆ ముక్కలను రెండేసి అతకడానికి మరి 30 నిమిషాలు. అతుకు ఒక్కింటికి సూది కదిలేది ఎనిమిది సెకన్లు మాత్రమే. తక్కినదంతా రెండు ముక్కలను వెదికి, అంచుకు అంచు చేర్చి, సూది కిందికి తెచ్చి, దారం తెంపడం.

ఇరవై అయిదు పొడుగు కుట్లకు పట్టినది 100 నిమిషాలు. మిషను నడిచినది అందులో సగం. పట్టీలన్నిటినీ ఒకే వైపు నుంచి కుట్టుకుంటూ పోతే బట్ట విల్లులా వంగుతుంది. అందుకని ఒక కుట్టు ఎడమనుంచి మొదలైతే మరుసటిది కుడినుంచి మొదలుకావాలి. పావు అంగుళపు హద్దు తప్పకూడదు. ప్రతి కుట్టులోనూ రెండు బట్టల నుంచీ అంగుళంలో ఎనిమిదవ వంతు చొప్పున ఎక్కువగా లోపలికి పోయిందనుకోండి. ఇరవై అయిదు కుట్లయ్యేసరికి బొంత ఆరు అంగుళాలకు పైగా కురచవుతుంది. బాబిను రెండుసార్లు చుట్టుకోవలసి వచ్చింది. ఒక కుట్టు విప్పి మళ్లీ వేసింది. చివర ఇస్త్రీకి మరి 45 నిమిషాలు. ప్రతి కుట్టు అంచునూ ముదురు రంగు వైపు వాల్చి అణచాలి, లేకపోతే లేత రంగు కిందనుంచి నీడలా కనిపిస్తుంది.

అన్నీ కూడితే 360 నిమిషాలు. ఆరు గంటలు. అందులో సూది కదిలినది గంటకు లోపే.

ఇక నాలుగవ గడి. సోమవారం మధ్యాహ్నం రెండింటికి మొదలైన ఆ ఆరు గంటలు బుధవారం సాయంకాలానికి గాని పూర్తికాలేదు. కొళాయి వచ్చింది. పాలు పొంగాయి. జాకెట్టు కొలత ఇవ్వడానికి ఒకరు, కుట్టినది బిగుతైందని చెప్పడానికి మరొకరు వచ్చారు. అత్తగారికి మందు వేయాలి. గ్యాసుబండ వచ్చింది. మూడు రోజుల్లో ఆమె 31 సార్లు లేచింది. లేచిన కాలాన్ని పైన చెప్పిన ఆరు గంటలలో కలపలేదు. తిరిగి వచ్చి కూర్చున్నాక ఎక్కడ ఆపానో, ఏ వైపు నుంచి కుట్టాలో చూసుకునే కాలం మాత్రం అందులోనే కలిసిపోయింది.

ఈ గడి గీస్తున్నప్పుడు నాకు ప్రభుత్వం వారి సర్వే ఒకటి జ్ఞాపకం వచ్చింది. మన దేశంలో మనుషులు రోజును ఎలా గడుపుతున్నారన్నది జాతీయ గణాంక కార్యాలయం 2019లో మొదటిసారిగా దేశమంతటా సేకరించింది. తెల్లవారుజామున 4 గంటల నుంచి మరునాటి 4 గంటల వరకు రోజును అరగంట ముక్కలుగా విభజించి, ఏ ముక్కలో ఏమి చేశారని అడిగారు. జీతం లేని ఇంటిపనులలో పాల్గొన్న స్త్రీలు వాటికి రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. 2024లో మళ్లీ అడిగితే అవి 289, 88 అయ్యాయి. అయిదేళ్లలో స్త్రీకి రోజుకు పది నిమిషాలు మిగిలాయి. మా అమ్మాయి బొంత భాషలో చెప్పాలంటే, రెండు పొడుగు కుట్లకు సరిపోయే వ్యవధి.

ఆ అమెరికా వీడియో సంగతి నన్ను వదలలేదు. మా చెల్లెలి కూతురు చాలాకాలంగా అక్కడే ఉన్నది, బొంతలు కుట్టే సరదా ఉన్నది. ఆమెను ఫోనులో అడిగాను. అక్కడ రెండున్నర అంగుళాల వెడల్పున ముందే కత్తిరించిన పట్టీలను నలభై వరకు చుట్టగా చుట్టి అమ్ముతారట. దానిని జెల్లీ రోల్ అంటారు. కుట్టే పద్ధతి మాత్రం ముచ్చటైనది. నలభై పట్టీలనూ కొసకు కొస కలిపితే దాదాపు 1,600 అంగుళాల పొడుగుపాటి ఒకే పట్టీ అవుతుంది. దానిని సగానికి మడిచి, పొడవునా కుట్టి, మడత కత్తిరిస్తే 800 అంగుళాల పొడవున రెండు వరసలు. మళ్లీ మడిచి కుడితే 400 పొడవున నాలుగు. తరువాత 200, 100, చివరకు 50 అంగుళాల పొడవున 32 వరసలు. కుట్టినది 64 అంగుళాల వెడల్పు వస్తుంది. ఏ రంగు పక్కన ఏ రంగు పడుతుందో ఎవరూ ఎంచరు. మడత ఎలా పడితే అలా.

ఆ అయిదు మడతల కుట్లనూ కూడి చూశాను. 800, 400, 200, 100, 50. మొత్తం 1,550 అంగుళాలు. మా అమ్మాయి కుట్టినది 1,500. సముద్రానికి ఆవల, ఈవల సూది నడిచిన దూరం ఇంచుమించు ఒక్కటే! అక్కడ గంటలో ముగిసేది ఇక్కడ ఆరు గంటలెందుకైందంటే, కత్తిరింపు మిల్లులో యంత్రం ముందే చేసిపెట్టింది, రంగుల ఎంపికను తయారీదారు చేసిపెట్టాడు, మిషను కరెంటుతో నడుస్తుంది. ఆ పని అక్కడ కూడా ఎవరో చేశారు. వీడియోలో కనిపించలేదు, అంతే. "ఆ గంట కూడా ఇస్త్రీ కలపకుండానే, పెద్దమ్మా!" అని మా అమ్మాయి నవ్వింది.

కుట్టుమిషను పుట్టినప్పుడే ఇటువంటి లెక్కలూ పుట్టాయి. 19వ శతాబ్ది మధ్యకాలంలో అమెరికాలో మిషన్లు తయారుచేసేవారు ఒక పోలిక ప్రకటించారు. పురుషుల చొక్కా చేత్తో కుడితే 14 గంటలకు పైగా పడుతుందనీ, మిషను మీద గంటంపావులో అవుతుందనీ. యంత్రాలను అంతగా ఆదరించని గాంధీమహాత్ముడు 1924లో ఒక సంభాషణలో కుట్టుమిషనును మాత్రం మినహాయించాడు. సింగర్ తన భార్య చేతికుట్టుతో పడే శ్రమను చూసి జాలితో దానిని తయారుచేశాడని ఆయన నమ్మకం. సింగర్ జీవితం తెలిసినవారు అంత సుకుమారమైన కథను ఒప్పుకోరు గాని, మిషను ఆదా చేసిన కాలం మాత్రం నిజమే. అయితే అది ఆదా చేసినది సూది కాలాన్ని. ఏరడం, కోయడం, సర్దడం ముప్పాతిక మువ్వీసం అలాగే చేతుల్లో మిగిలిపోయింది.

మా చిన్నతనంలో ఈ బాధే లేదు. పాత పంచెలు, చిరిగిన చీరెలు నాలుగు పొరలుగా పరచి, పైపొరకు రంగు చీరెల పట్టీలు కలిపి, వేసవి మధ్యాహ్నాలు మా అమ్మ, పెద్దమ్మ నడవలో కూర్చుని చేత్తో కుట్టేవారు. బట్ట కదలకుండా నాలుగు మూలలా మమ్మల్ని కూర్చోబెట్టేవారు. చూపు ఆనని పెద్దమ్మకు సూదిలో దారం ఎక్కించి ఇవ్వడం మా పని. ఆ దారం ఎక్కించిన కాలాన్ని బొంత లెక్కలో కలపాలా అని ఇప్పుడు ఆలోచిస్తున్నాను. బెంగాల్‌లో కాంథా, బీహారులో సుజని, మహారాష్ట్రలో గోధడి, కన్నడదేశంలో కౌది, పేరు ఏదైనా ఇటువంటి మధ్యాహ్నాలలోనే తయారైనవి. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ స్త్రీలైతే అంచు దగ్గర మొదలుపెట్టి, ముక్కలను ఒక్కొక్కటే చేరుస్తూ, చుట్టూ తిరుగుతూ నడిమికి కుట్టుకుంటూ వస్తారు. పైపొర అతకడం, పొరలు కలిపి కుట్టడం వారికి ఒకే పని. అక్కడ నా హాజరుపట్టీ గళ్లు పనికిరావు.

తిరిగి మా లెక్కకు వస్తాను. ఒక పైపొరకు ఆరు గంటలైతే ఇరవైకి ఎన్ని అని త్రైరాశికం వేస్తే 120 గంటలు. బడిలో ఆ జవాబుకు పూర్తి మార్కులు వేసేదానిని. కుట్టుపనిలో మాత్రం అది చెల్లదు. నాలుగు పొరల బట్టను ఒకదానిమీద ఒకటి పెట్టి ఒక్క కోతలో కోయవచ్చు. ఒక జత కుట్టగానే దారం తెంపకుండా వెనకాలే మరొక జతను సూది కిందికి తోయవచ్చు. దండలా వచ్చిన వాటిని చివర ఒక్కసారే తెంపుకోవచ్చు. దీనిని కూడా చూడకుండా ధర చెప్పడం భావ్యం కాదనిపించి, కట్‌పీసులు నేనే కొనిచ్చి, మా మనుమలకని మరి మూడు ఒకేసారి కుట్టించాను. కూలి ఇచ్చే కుట్టించానని వేరే చెప్పనక్కరలేదు. ఒక్కొక్కదానికి నాలుగున్నర గంటలు వచ్చింది. మూడవ దాని దగ్గరకు వచ్చేసరికి నడుము పట్టేసిందని ఆమె చాపమీద పడుకుంది గనుక, ఇరవై కుట్టినా అంతకంటె తగ్గదని నిశ్చయించాను.

ఇరవైకి 90 గంటలు. జాకెట్లు మానుకోకుండా రోజుకు మూడు గంటలు తీయగలదు. నెలరోజులు కావాలి. పదిహేను రోజులు అసంభవం. కూలి సంగతి: 120 రూపాయలను నాలుగున్నర గంటలతో భాగిస్తే గంటకు 26 రూపాయల 66 పైసలు. జాకెట్టు కుడితే ఆమెకు గంటకు 80 రూపాయలు ముడుతున్నది. ఆ లెక్కన పైపొరకు 360 కావాలి.

ఆమె ఆ అంకె చూసి చాలాసేపు మాట్లాడలేదు. "ఇంత అడిగితే పని పోతుందేమో టీచరమ్మగారూ" అన్నది. పోవచ్చుననే నేనూ చెప్పాను. ఫీజు నాది కాదు, కనుక అడగమని బలవంతపెట్టలేదు. ఆ హాజరుపట్టీ మాత్రం ఆమెకు ఇచ్చివేశాను.

మరునాడు దానిని సంచిలో పెట్టుకుని తానే పట్నం వెళ్లింది. 360 అడిగింది. ఆయన 250 దగ్గర బిగిసి కూర్చున్నాడు. అప్పుడు ఆమె అన్న మాట నేను చెప్పిపంపినది కాదు. "అయితే పట్టీలు మీరే కత్తిరించి పంపండి, 250కి కుడతాను" అన్నదట. దుకాణం వెనుక కటింగ్ మాస్టరు ఉన్నాడు, దొంతరలు కోసే కరెంటు కత్తి ఉన్నది. ఆయనకు అది అరపూట పని. ఈమెకు ఒక్కొక్కదానిపై గంటంపావు మిగులు. నాలుగున్నర గంటల పని మూడుంబావు గంటలకు దిగితే గంటకు 77 రూపాయలు పడతాయి. ఆయన ఒప్పుకున్నాడు. గడువు కూడా నెలకు పెంచాడు. ఫీజు కట్టవలసిన రోజుకు ముందే మొదటి పది పైపొరలు ఇచ్చి 2,500 తెచ్చుకున్నది. తక్కిన పదీ ఇరవై ఏడవ రోజుకు ముగించింది.

ఇప్పుడు రెండవ విడత వచ్చింది, ముప్పయి పైపొరలు. కోసి పంపిన పట్టీలు అన్నీ ఒక్క వెడల్పున లేవు. కొన్ని నాలుగు అంగుళాలు, కొన్ని దానికి పావు తక్కువ. రంగులన్నీ ఒకే మూటలో కలిపి కట్టి పంపుతున్నారు. హాజరుపట్టీలో ఆమె స్వయంగా మరొక గడి గీసి, "ఏరడం" అని రాసుకున్నది. పైపొరకు 35 నిమిషాలు తేలిందట. దానికి వేరే 45 రూపాయలు కట్టి ఇమ్మని దుకాణదారుకు కబురు చేసింది. ఆయన ఇంకా జవాబు చెప్పలేదు. మూటలు విప్పకుండా అరుగు మీదనే ఉన్నాయి.